ఆకాశంలో జానెడు తేడా

మా చెల్లి తాయారు బెంగుళూరులో చేసే ఉద్యోగం ఏమిటో చోడవరంలో ఎవరికీ సరిగ్గా తెలీదు. నాకూ అంతంతమాత్రమే. ఆసుపత్రిలో ఎముకలకి తీసే ఎక్స్‌రే ఉంది కదా, అలాంటి కిరణాలు కొన్ని నక్షత్రాల నుంచీ వస్తాయట. వాటిని పట్టే దుర్భిణిని ఉపగ్రహంలో పెట్టి పైకి పంపారు. దాని గురి చూసే పని మా చెల్లిది. నేను బస్సు సీటు కోసం తువ్వాలు విసిరితే అవతల కిటికీలోంచి పడుతుంది. దీనికి ఆ గురి ఎలా అబ్బిందో అనుకునేవాణ్ణి.

ఉపగ్రహం పైకెళ్ళేసరికి చెల్లి పురిటికొచ్చి మా ఇంట్లో ఉంది. కొడుకు పుట్టాడు. బాలింత పద్ధతుల్లో మా అమ్మ దేముడమ్మ కలెక్టరు చెప్పినా వినదు. తలకి గుడ్డ, చెవుల్లో దూది, గడప దాటడానికి లేదు.

ఓ ఉదయం చెల్లికి ట్రంకాల్ వచ్చిందని పోస్టాఫీసు దాసు కబురు తెచ్చాడు. పంపనంది అమ్మ. నేనే వెళ్ళాను. లైన్లో చెల్లి పై అధికారి గణపతిరావు గారు. దుర్భిణి పక్కనే, గురి చూడ్డానికి, ఓ కెమెరా ఉందట. ఎక్స్‌రేలు బాగా వచ్చే నక్షత్రం సరిగ్గా నడిమధ్యనే ఉందని అది చెబుతోందట, దుర్భిణికి మాత్రం ఏమీ చిక్కట్లేదట. చెడిపోయిందని పెద్దలు తేల్చేశారు, సాయంత్రానికి ఆపేస్తారు. తాయారుని అడిగి రమ్మన్నారు, మళ్ళీ ఫోన్ చేస్తామన్నారు.

దూది పుణ్యమా అని ఇదంతా గుమ్మం బయట నిలబడి అరిచి చెప్పాను. వీధంతా విన్నారు. చెల్లి మొహం పాలిపోయింది. ఏళ్ళ తరబడి తిండీ నిద్రా మానుకుని చేసిన పని అది. పిల్లాణ్ణి ఒళ్ళో వేసుకుని గోడకేసి చూసింది. గోడకి, పోయిన మా నాన్న నాటు తుపాకీ వేలాడుతోంది.

“అన్నియ్యా, నాన్న తుపాకీ కుడికి పోయేది, గేపకం ఉందా?” అంది.

ఉండకేం. చెరుకు పాడుచేసే అడవిపందుల కోసం కొన్నాడు. ఒక్కటీ తగిలేది కాదు. పారెయ్యమన్నారందరూ. నాన్న గోనె కట్టి, మధ్యలో సున్నంబొట్టు పెట్టి కాల్చి చూశాడు. గుండు జానెడు కుడికి పడింది. ఆ తర్వాత జానెడు ఎడమకి గురిపెట్టేవాడు. పంది తప్పించుకుంటే ఒట్టు.

“అది సెడిపోలేదని సెప్పు. పైకెళ్ళినప్పటి కుదుపుకి కెమెరా ఓ పక్క, దుర్భిణి ఓ పక్క సూస్తన్నాయి. ఆ నచ్చత్రం సుట్టూ దుర్భిణిని కొంచిం కొంచిం జరిపి సూడమను. కిరణాలు ఎక్కడ పెరిగితే అక్కడే దాని సూపు. తేడా ఎంతో తెలిస్తే సాలు, ఆ మేర పక్కకి గురిపెట్టొచ్చు.”

పోస్టాఫీసు చేరేసరికి సగం మర్చిపోయాను. ఇంకేం చేస్తాను, గణపతిరావు గారికి తుపాకీ కథ పందులతో సహా చెప్పాను.

“అంటే నక్షత్రమే మన గోనె” అన్నారాయన మెల్లగా.

పొద్దుగూకే వేళకి మళ్ళీ ఫోను. దొరికింది. కెమెరా చూపిన చోటికి కాస్త పక్కకి జరపగానే దుర్భిణికి కిరణాలు కుప్పలుతెప్పలుగా వచ్చాయట. ఇంక ఆపరు. సైకిలు తొక్కానో, ఎగిరానో తెలీదు. పురిటి మంచం మీంచి ఆకాశంలో వంకర పట్టింది నా చెల్లెలు. దారంతా కళ్ళనీళ్ళు ఆగలేదు.

గుమ్మంలో నిలబడి అరవబోయాను. అమ్మ చెయ్యెత్తి ఆపింది.

“ఉండరా” అని, వంగి, తన చేత్తోనే చెల్లి చెవిలోంచి దూది తీసింది. “ఇప్పుడు సెప్పు. మెల్లగా సెప్పు.”