సువర్ణ కంప్యూటర్ మొరాయించిన రోజులు

సువర్ణ గదిలోంచి అత్త కమ్లి నవ్వు వినపడినప్పుడల్లా హేమలత చేతిలో పని ఆగిపోయేది. పదమూడేళ్ల కాపురంలో ఆ నవ్వు తన దగ్గర ఒక్కసారి కూడా అంత బిగ్గరగా వినలేదామె.

దమ్మపేట దగ్గరి తండాలో ఆ ఇంటికి హేమలత పెద్దకోడలు. ఖమ్మంలో పుట్టి పెరిగింది. డిగ్రీలో కంప్యూటర్స్ చదివి, సత్తుపల్లిలో ఒక ప్రైవేటు బడిలో కంప్యూటర్ టీచరుగా చేస్తోంది. తండాలో ఎవరి ఫోన్ మొండికేసినా, ఎవరి పిల్లల దరఖాస్తు ఆన్‌లైన్‌లో పెట్టాలన్నా "హేమక్కనడుగుండ్రి" అనేవాళ్లు. చుట్టాలెవరొచ్చినా మామ చందూలాల్ మొదట "మా పెద్దకోడలు కంప్యూటర్ టీచరు" అని చెప్పి, ఆ తరువాతే మంచినీళ్లు తెప్పించేవాడు.

చిన్నకోడలు సువర్ణ ఇల్లందు వైపు తండా పిల్ల. చదువు ఇంటర్‌తో ఆగిపోయింది. కోపమొచ్చినా, సంతోషమొచ్చినా నోట లంబాడీయే వస్తుంది. అదే ఆమెకు కలిసొచ్చింది. మనుషులు లంబాడీలో మాట్లాడిన రికార్డింగులు విని, వాటిని తెలుగు అక్షరాల్లో టైపు చేసి, పక్కన అర్థం రాసి పంపే పని ఒకటి హైదరాబాద్ కంపెనీవాళ్లు ఇంట్లో కూర్చుని చేసేలా ఇస్తున్నారు. అప్పుడప్పుడు ఇంట్లో పెద్దవాళ్లచేత మాట్లాడించి, ఆ గొంతు కూడా రికార్డు చేసి పంపాలి. ఆ కబురు ముందుగా ఇంటికి మోసుకొచ్చింది హేమలతే. తోడికోడళ్లిద్దరూ కలిసే పరీక్ష రాశారు. సువర్ణ నెగ్గింది, హేమలత తప్పింది. ఖమ్మంలో పెరిగిన ఆమెకు లంబాడీ పైపైనే వచ్చు. "బడితోనే నాకు తీరుతలేదు, నేనే వద్దనుకున్న" అని ఇంట్లో చెప్పింది. తప్పినట్టు వచ్చిన మెయిల్‌ను ఎవరికీ చూపించలేదు.

సువర్ణకు టైపింగు నేర్పింది మాత్రం తనే. ఏ వేలు ఏ అక్షరం మీద పెట్టాలో ఆ పిల్ల చెయ్యి పట్టుకుని మరీ చూపించింది. ఇప్పుడు ఆ వేళ్లు టకటకా కొడుతుంటే వంటింట్లో హేమలతకు పోపు మాడేది.

మరిది కోటేష్ పామాయిల్ ఫ్యాక్టరీలో సూపర్‌వైజరు. తోటి ఉద్యోగి దగ్గర పాత కంప్యూటర్ ఒకటి కొని పెళ్లానికి తెచ్చిచ్చాడు. అప్పటినుంచి కమ్లి మధ్యాహ్నం అన్నం తినగానే చెయ్యి కడుక్కుని సువర్ణ పక్కన చేరేది. రికార్డింగులో పాతకాలపు మాట ఏదైనా వస్తే ఆమే విడమరిచి చెప్పాలి. ఒక మాట వెంట కథ, కథ వెంట పాట, పాట వెంట నవ్వు. హేమలత బడినుంచి వచ్చి గుమ్మంలో నిలబడితే ఆ నవ్వు ఠక్కున ఆగేది. "బస్సు దొరికిందా బిడ్డా?" అని తెలుగులో అడిగేది కమ్లి, మర్యాదగా, పరాయి మనిషిని అడిగినట్టు.

వానలు మొదలైన కొత్తలో ఆ కంప్యూటర్ మొరాయించడం మొదలుపెట్టింది.

"అక్కా, జర చూడవా? ఒక్క ఫైలు తెరుసుకునేటాళ్లకు చాయ్ తాగి రావచ్చు. పొద్దుగాల పది అయితే చాలు, మొత్తానికే పడకేస్తది" అంది సువర్ణ.

హేమలత కుర్చీలో కూర్చుంది. ఏ ప్రోగ్రాం ఎంత పని చేస్తోందో చూపించే పట్టిక తెరిచింది. జబ్బేమిటో అర్థమవడానికి అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. ఆ కంప్యూటర్‌లో రెండు యాంటీవైరస్‌లున్నాయి. ఒకటి దానితోపాటే వచ్చింది. రెండోది సువర్ణ ఏదో టైపింగు సాఫ్ట్‌వేర్ దించుకున్నప్పుడు తెలియకుండా వెంట దిగింది. ఏ ఫైలు తెరిచినా ముందు అది తనిఖీ చేస్తుంది, తరువాత ఇది చేస్తుంది. అది చాలదన్నట్టు రోజూ ఉదయం పదింటికి రెండూ కలిసి కంప్యూటర్ మొత్తం గాలిస్తున్నాయి. ఒకదాన్ని తీసేసి, రెండోదాని వేళ మారిస్తే అయిపోతుంది. బడిలో ఆరో తరగతి పిల్లలకు కూడా చెప్పగలిగే పని.

పక్కగదిలోంచి కమ్లి లంబాడీలో కేకేసింది. సువర్ణ ఏదో జవాబిచ్చింది. ఇద్దరూ నవ్వారు. ఆ మాటలో హేమలతకు సగమే తెలిసింది. మిగతా సగం తన గురించేనేమో అనిపించింది.

"పాతదైపోయింది సువర్ణా. దీంతోటి కాదు. కొత్తది కొనాల్సిందే" అంది, పట్టిక మూసేస్తూ.

సువర్ణ ముఖం చిన్నబోయింది. "అవునా అక్కా? నేనే ఏమన్న చెడగొట్టిన్నేమో అనుకున్న."

కాదనలేదు హేమలత.

తరువాతి రోజుల్లో సువర్ణ కోడి కూయకముందే లేచి ఆ కంప్యూటర్ ముందు కూర్చునేది. పది దాటాక చేతులు ముడుచుకుని తెరవంక చూస్తుండేది. పంపాల్సిన పని వారం గడువులో పంపలేకపోయింది. కంపెనీవాళ్లు ఒక హెచ్చరిక పంపి, కొత్త పని ఆపేశారు. కమ్లి రెండు రోజులు గుమ్మందాకా వచ్చి, "ఇంకా బాగుకాలేదా" అని అడిగి, మూడోరోజునుంచి గొడ్లపాక వైపు వెళ్లిపోయేది. ఇల్లు చల్లబడింది. మొదటి నాలుగు రోజులు హేమలతకు ప్రాణం హాయిగా ఉంది. బడినుంచి వస్తే తనను చూసి ఆగిపోయే నవ్వు లేదు. అంతకంటే ఏం కావాలి?

అయిదో రోజు అన్నం దగ్గర చందూలాల్ చిన్నకొడుకుతో అన్నాడు. "ఇంకోన్ని అడుగుడెందుకురా? మా పెద్దకోడలు చూసి చెప్పింది. అయిపాయె."

కలిపిన ముద్దను కంచంలోనే వదిలేసింది హేమలత. భర్త రాజేష్ ఆమె వంక చూసి, "నిజంగనే కొత్తది కావాల్నా హేమా? నువ్వైతే బడిల గంతకన్నా పాతవాటినే నడిపిస్తున్నవు గదా" అన్నాడు మామూలుగానే.

"నా మాట మీద నమ్మకముంటే సరే, లేకుంటే లేదు!" అని కసిరి లేచిపోయింది.

పన్నెండో రోజు ఆదివారం. మర్నాడు కంప్యూటర్‌ను సత్తుపల్లి షాపుకు తీసుకెళ్తానన్నాడు కోటేష్. ఫోన్‌లోనే షాపువాడు, ఉన్నదంతా తుడిచేసి మళ్లీ మొదటినుంచి ఎక్కించాలన్నాడట. సువర్ణ పెన్‌డ్రైవ్ పట్టుకుని హేమలత దగ్గరికి వచ్చింది.

"అక్కా, యాడి చెప్పిన కతలు, పాటలు అన్నీ అండ్లనే ఉన్నయి. నేను ముట్టుకుంటే పోగొడ్తనని భయం. నువ్వే తీసిపెట్టవా?"

అత్తను సువర్ణ కూడా కొడుకుల్లాగే 'యాడీ' అంటుంది, అమ్మా అన్నట్టు. హేమలత ఎప్పుడూ 'అత్తమ్మా' అనే అంటుంది.

మధ్యాహ్నం ఒంటరిగా కూర్చుని ఫైళ్లు ఎక్కించసాగింది. ఒక్కో ఫైలునూ రెండు యాంటీవైరస్‌లూ తడిమి తడిమి వదులుతున్నాయి. అరగంటకు పాతిక కూడా కాలేదు. ఎక్కినవి సరిగా ఎక్కాయో లేదో చూద్దామని ఒకటి తెరిచి, ఇయర్‌ఫోన్ చెవిలో పెట్టుకుంది.

"మీ ఇంటి మనుషుల గురించి చెప్పు యాడీ" అంటోంది సువర్ణ గొంతు, లంబాడీలో. కమ్లి చెబుతోంది. కొడుకుల గురించి చెప్పింది, ముసలాయన గురించి చెప్పి నవ్వింది.

"పెద్దకోడలు శానా తెలివైంది. ఆమె ముంగట మాట్లాడాల్నంటె నాకు సిగ్గు. వచ్చిన కొత్తల ఆమె బడి టీచరమ్మలు ఇంటికొచ్చిండ్రు. నేను మన మాటల పలకరిచ్చిన. 'తెలుగుల మాట్లాడు అత్తమ్మా' అన్నది. నాకు తెలుగంటె గొంతుల ముల్లు అడ్డం పడ్డట్టుంటది. గప్పటి సంది ఆమెతోటి ఎంత అవసరమో అంతే. అన్నం తిన్నవా, బస్సు దొరికిందా."

"అక్క మంచిది యాడీ. నాకు టైపు కొట్టుడు నేర్పింది ఆమెనే" అంది సువర్ణ గొంతు.

మధ్యలో రెండు మాటలు తెలియక హేమలత మళ్లీ మళ్లీ విన్నది. విన్నకొద్దీ ఆ రోజు గుర్తుకొచ్చింది. హెడ్‌మిస్ట్రెస్ కుర్చీలో కూర్చుని ఉంది. అత్త ఏదో అడుగుతుంటే తనకు తలకొట్టేసినట్టయింది. అనేసింది. పదమూడేళ్లుగా అనుకోవడం మాత్రం, ఈ ముసలామె నన్ను దగ్గరికి రానివ్వదని. అత్త మాటలకంటే సువర్ణ తన పక్షం మాట్లాడటమే ఆమెను ఎక్కువ మండించింది. ఆ మంచితనంలో కూడా ఆ పిల్లే గెలిచింది.

ఇయర్‌ఫోన్ తీసి పక్కన పెట్టింది. రెండో యాంటీవైరస్‌ను తొలగించింది. కంప్యూటర్ ఆపి మళ్లీ ఆన్ చేసింది. మిగిలినదాన్ని అప్‌డేట్ చేసి, దాని గాలింపును పది గంటలనుంచి మధ్యాహ్నం భోజనాల వేళకు మార్చింది. ఫైలు మీద నొక్కితే నొక్కగానే తెరుచుకుంది.

చాయ్ తెచ్చిన సువర్ణ తెర చూసి గుమ్మంలోనే ఆగిపోయింది. "అయ్యో, గింత జల్దీనా! ఏం చేసినవక్కా?"

'ఇప్పుడే దొరికింది' అనే మాట హేమలత నాలుక చివరిదాకా వచ్చింది. అంటే చాలు, మళ్లీ తనే హేమక్క.

"రెండు యాంటీవైరస్‌లున్నయి. ఒకటి తీసేసిన. అంతే." కుర్చీ సువర్ణ వైపు తిప్పింది. "ఆ రోజే తెలుసు నాకు."

సువర్ణకు అర్థం కావడానికి కాసేపు పట్టింది. "తెలిసి... కొత్తది కొనాలన్నవా?"

"అవ్. నువ్వూ అత్తమ్మా నవ్వుకుంటుంటే కడుపు మండింది. ఆ పరీక్ష కూడా నేను వద్దనుకోలే. తప్పిన."

సువర్ణ చాయ్ గ్లాసు బల్లమీద పెట్టింది. కళ్లనిండా నీళ్లు తిరిగాయి, కానీ గొంతు వణకలేదు. "పన్నెండు దినాలక్కా. నేనే మొద్దుదాన్ని, నేనే చెడగొట్టిన అనుకుంట తిరిగిన. తిట్టినా బాగుండు గదా నువ్వు."

సువర్ణ బయటికి వెళ్లి, "షాపుకు వద్దు, అక్క బాగుచేసింది" అని మాత్రం కోటేష్‌తో చెప్పింది. మిగతాది ఎవరికీ చెప్పలేదు. చందూలాల్ ఆ సాయంత్రం పెద్దకోడలిని మరో రెండు మాటలు ఎక్కువగా పొగిడాడు. వింటూ తలవంచుకుని కూర్చుంది ఆమె.

నెలరోజులు సువర్ణ హేమలతతో అవసరమైనంతే మాట్లాడింది. తెరమీద తెలియనిదేదైనా వస్తే ఫ్యాక్టరీలో ఉన్న కోటేష్‌కే ఫోన్ చేసేది. కంపెనీవాళ్లు మెల్లగా మళ్లీ పని ఇచ్చారు. కమ్లి మళ్లీ వచ్చి చేరింది. నవ్వులు మళ్లీ మొదలయ్యాయి. హేమలత వంటింట్లో ఉండి వినేది. మంట తగ్గిందని చెప్పలేం. కానీ గుమ్మంలోకి వెళ్లి నిలబడటం మానేసింది.

బడికి సెలవున్న ఒక మధ్యాహ్నం సువర్ణే కేకేసింది. "అక్కా, ఈడికి రా. ఎవరో ఖమ్మం టౌన్ మనిషి మాట్లాడుతున్నడు. సగం తెలుగు, సగం ఇంగ్లీషు, నడుమల మన మాట. యాడికీ తెలుస్తలేదు, నాకూ తెలుస్తలేదు."

హేమలత చెయ్యి తుడుచుకుని వెళ్లింది. సువర్ణ ఆమె ముఖం చూడకుండానే ఒక ఇయర్‌ఫోన్ చేతికిచ్చింది. విని చెప్పింది హేమలత: "బస్ పాసు గడువు అయిపోయిందంటున్నడు, ఆఫీసుల రెన్యువల్ అయితలేదట." కమ్లి నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. "గిది లంబాడీయేనా?" అని లంబాడీలోనే అడిగింది పెద్దకోడలిని, ఇన్నేళ్ల తరువాత.

హేమలత లంబాడీలో జవాబు చెప్పబోయి తడబడింది. మాట తప్పుగా వచ్చింది. కమ్లి పగలబడి నవ్వి, నవ్వాపుకోలేక పక్కనున్న సువర్ణ భుజం మీద వాలింది. చిన్నకోడలి భుజం మీదే వాలింది. హేమలతకు చురుక్కుమంది. అయినా కుర్చీ దగ్గరికి లాక్కుని కూర్చుని, ఆ మాటను ఎట్లా పలకాలో అడిగింది.