వేదిక నలంకరించిన తమ్ముడు

శరత్కాలము ప్రవేశించెను. వరదనీటి యెఱుపు వదలి తేటపడిన గోదావరి నులివెచ్చని ప్రాతఃకాలపుటెండలో మెల్లమెల్లగా సాగుచుండ, ఒడ్డున రెల్లుపూలు తెల్లతెల్లగా విచ్చియుండ, రాజమహేంద్రవర నగరమందలి యొక సభామందిర ద్వారమున నానాదేశపతాకలు రెపరెపలాడుచుండెను. అంతర్జాతీయ లఘుచిత్రోత్సవమున కది తొలిదినము. దేశదేశములనుండి వచ్చిన ముప్పదినాలుగు చిఱుచిత్రములలో మొట్టమొదట ప్రదర్శింపబడవలసినది పదునొకండు నిమిషముల తెలుగుచిత్ర మొకటి. దాని పేరు ‘మూడు పగళ్లు’. దాని కర్త పేర్రాజు.

ఈ పేర్రాజు ఇరువదియైదేండ్లుగా ఊరివారి పెండ్లిండ్లకు వీడియోలు తీసి పొట్టపోసికొనుచున్నవాడే కాని తనకు మాత్రము పెండ్లిలేదు. తల్లి యున్నన్నాళ్లు ఆమెకు తాను, తన కామె. ఆ తల్లి పోయి యెనిమిదేండ్లయ్యెను. సామర్లకోటలో కాపురమున్న తోడబుట్టిన అక్క సూరీడమ్మ అతనితో మాటలు మానియు నెనిమిదేండ్లే అయ్యెను. ఇంటికి వచ్చిన నన్నము తినుమనువారు లేరు, రాకున్న నేల రాలేదనువారు లేరు. ఒంటికాయ సొంటికొమ్ము బ్రదుకు.

తప్పెవరిదందురా? ముమ్మాటికి నతనిదే. తల్లి మంచమెక్కిన మూడు పగళ్లును వాకిటివైపే చూచుచు “పెద్దది వచ్చిందా?” యని యడిగినది. పేర్రాజు కబురంపలేదు. వీడియో తీయుట కొప్పుకొన్న పెండ్లి యొకటి కలదు, అది కాగానే తానే పోయి యక్కను తోడ్కొని వత్తునని తలచెను. తలచుచుండగనే తల్లి కన్నుమూసెను. సూరీడమ్మ వచ్చునప్పటికి చితి చల్లారియుండెను. “పోయేముందు అమ్మ నన్ను తలుచుకోనైనా లేదురా?” అని యామె యడుగగా నా పిఱికిపంద తలవంచుకొని యూరకుండెను. తలచినదన్నచో మఱి యేల పిలువలేదన్న ప్రశ్న వచ్చును గదా! తనకు కడసారిచూపు దక్కనీయలేదన్న కోపమొకవైపును, కన్నతల్లి తన్ను మఱచియే పోయెనన్న దుఃఖమొకవైపును బాధింప నామె యేడ్చుచు వెడలిపోయెను. తరువాత నతడెన్నిమార్లు ఫోను చేసినను ఎత్తలేదు.

నోటితో చెప్పలేని యా మాటను చెప్పుటకే పేర్రాజు చిత్రము తీసెను. అందొక మంచము, ఒక వాకిలి, మూడు పగళ్ల యెండనీడలు, చిట్టచివర నతని గొంతు. ఉత్సవమువారి యాహ్వానమును పెదతల్లి కొడుకుచేత సామర్లకోట కంపి, వచ్చునో రాదో యని మూడు రాత్రులు నిద్ర మానెను.

సూరీడమ్మ వచ్చెను. నేతచీర కట్టుకొని, చేతిసంచి చంకను పెట్టుకొని, పది గంటలకు ద్వారముకడ నిలిచిన యక్కను చూడగనే పేర్రాజు పరుగున నెదురేగెను.

“పదకొండు నిమిషాలేనంట కదా, చూసేసి పోతాను,” అని యామె యతని మొగము చూడకయే పలికెను. “ఒంటిగంట బండికి వెళ్ళిపోవాలి. మీ బావ మంచంలో ఉన్నారు, నేను పెడితేగానీ ముద్ద మింగరు. పెద్దమ్మ కొడుకు అన్నయ్య బతిమాలాడని ఈ ఒక్కసారికీ వచ్చాను.”

“అక్కా, అసలు ఆ రోజు...”

“నువ్వేం చెప్పకు. చెప్పాల్సినప్పుడు చెప్పలేదు.”

ఆమె లోనికి బోయి యేడవవరుసలో కూర్చుండెను. పేర్రాజు వెంటబడి చెప్పియుండవలసినదే. కాని పదునొకండు నిమిషములలో తెరయే చెప్పునుగదా యని నిలిచిపోయెను. ఇంతలో “దర్శకులు శ్రీ పేర్రాజుగారిని వేదిక నలంకరించవలసిందిగా కోరుతున్నాం!” అని మైకు పిలిచెను. ఇరువదియైదేండ్లు వేదికలమీది వారిని క్రిందనుండి చిత్రించినవాని నెవ్వరు నంతవఱకు పైకి పిలువలేదు. ఐదు నిమిషముల ముచ్చటయే కదా యనుకొని యెక్కెను.

మన సభల సంగతి మీరెఱుగనిదా! పదుగురు పెద్దలు వేదిక నలంకరించుటకు నరగంట పట్టెను. జ్యోతి వెలిగింపబోగా పంకా గాలి కది యాఱెను, పంకా నాపగా పెద్దలకు చెమటపట్టెను, మరల పంకా వేయగా మరల నాఱెను. పిమ్మట ముఖ్యాతిథి లేచి తనకు చిత్రములు చూచు తీరికలేదని యొప్పుకొనుచు, అయినను రెండు ముక్కలు చెప్పెదనని మొదలిడి, ఆ రెండు ముక్కలను నలువదినిమిషములు సాగదీసెను. ఆ తరువాత శాలువలు. కప్పినవారికి కప్పించుకొన్నవారు మరల కప్పిరి.

సూరీడమ్మ గోడగడియారమును చూచెను. తమ్ముని చూచెను. ఎప్పుడన్నట్లు చేయి త్రిప్పెను. పేర్రాజు అరచేయి చూపి యుండుమనెను. పండ్రెండు దాటగా నతని ప్రాణము గిలగిలలాడిపోయెను.

ప్రక్కనున్న నిర్వాహకుని చెవిలో “అయ్యా, మా అక్కకి బండి టైమవుతోంది. నా బొమ్మ ముందు వేయించండి, లేదా నన్ను కిందకి పోనివ్వండి,” అని వేడుకొనెను.

“భలేవారండీ! మధ్యలో దిగిపోతే పెద్దాయనకి అవమానం కాదూ? ఇంకెంత, రెండు శాలువలే.”

పేర్రాజు కూర్చుండెను. పెద్దలకు కోపము వచ్చునను భయమొకటి యుండినమాట నిజము. తనవంతు శాలువ యింకను రాలేదన్న యాశయు నుండినమాట నిజమే, దాచనేల?

పండ్రెండున్నరకు సూరీడమ్మ లేచెను. పేర్రాజు సగము లేచెను. సరిగా నప్పుడే మైకులో నతని పేరు వినబడెను, భుజములమీద శాలువ పడెను, మెడలో దండ పడెను. “సార్, ఇటు చూడండి!” అని ఫొటోలవారు కేకవేసిరి. అతడటు చూచెను. మరల నిటు చూచునప్పటికి ఏడవవరుసలోని యా కుర్చీ ఖాళీగా నుండెను.

శాలువ, దండ బల్లపై పడవైచి మెట్లు దిగి వీథిలోనికి పరుగెత్తెను. అక్క యెక్కిన ఆటో ఏదో, ఎటు పోయెనో తెలియలేదు. ఫోను చేసెను. ఎప్పటివలెనే ఎత్తలేదు. తనకును ఆటో యొకటి దొరికి స్టేషను చేరునప్పటికి ఒంటిగంట బండి కదలిపోయెను. వెనుకకు వచ్చునప్పటికి లోపల దీపము లార్పబడి ‘మూడు పగళ్లు’ మొదలైయుండెను. చీకటిలో నొక మూల నిలువబడి తన గొంతు తానే వినెను: “అక్కా, అమ్మ నిన్ను మూడు రోజులూ అడిగింది. నేనే పిలవలేదు. తప్పు నాది.” ఎవరో ముక్కు చీదుకొనిరి. పేర్రాజునకు మాత్రము కంట నీరైనను రాలేదు.

దీపములు వెలిగెను. నార్వేదేశమునుండి న్యాయనిర్ణేతగా వచ్చిన వృద్ధవనిత లేచి గద్గదస్వరముతో నేదో యడిగెను. దుబాసి దానిని తెలుగున జెప్పెను: “ఆ అక్కగారు ఈ సినిమా చూశారా అని అడుగుతున్నారండీ.”

పేర్రాజు మైకందుకొనెను. చూచినదని చెప్పిన నెవ్వ రడుగువారు? కాని నిజము దాచి దాచి విసిగిన ప్రాణము.

“లేదండి. ఇందాకటిదాకా ఆ ఏడో వరసలోనే కూర్చుంది. నేను స్టేజీ మీద ఉన్నాను.”

దుబాసి యా మాటను వారి భాషలో వినిపించెను. పిమ్మట నా విదేశీవనిత చేతులు చఱచెను, ఆమెను చూచి సభ యంతయు లేచి నిలిచి చఱచెను. ఆ హోరునడుమ పేర్రాజు చేతులు జోడించి నిలువబడెను. ఆ వేళకు ఒంటిగంట బండి కడియము దాటియుండును. అందొక యిల్లాలు తన తల్లి తన్ను తలచుకొనలేదనుకొనుచునే కిటికీప్రక్కన కూర్చుండియుండును. ఒక్కరికి చెప్పవలసిన మాట మున్నూరుగురు విన్నను చెప్పినట్లు గాదు.