వాగుకి దూరంగా

"ముందు వెళ్ళి చేతులు కడుక్కురా. కంచం దగ్గరికి వస్తే చాలు, పురుగుమందు కంపు" అన్నాడు మొన్న మా ఆయన.

వెళ్ళి మళ్ళీ కడుక్కుని వచ్చాను. అప్పటికే ఎన్నిసార్లు కడిగానో. చర్మం మీద ఉంటే కదా పోవడానికి, ఆ కంపు గోళ్ళలోకి దిగింది. పొద్దున ఆయన పొలంలో కొట్టిన మందు కలిపింది నేనే. డ్రమ్ములో మోచేతి దాకా చెయ్యి ముంచి కలిపాను. కర్రతో కలిపితే అడుగున గడ్డ కట్టి గొట్టానికి అడ్డం పడుతుందని, చేత్తో కలపమని ఆయనే చెప్తాడు. ఆ చేత్తోనే వడ్డించాలి, కంపు మాత్రం రాకూడదు. అదెలా కుదురుతుందని అడిగితే "నోరు లేస్తోందే" అంటాడు. ఎందుకొచ్చిన గొడవ అని ఇంకో గరిటె వడ్డించాను.

కొట్టేది ఆయన, కలిపేది నేను. కొడితే అది పనట, కలిపితే అది సాయమట. ఇంటికెవరొచ్చినా అత్తయ్య ఒకటే పాట, "మావాడు ఒంటిచేత్తో ఈదుకొస్తున్నాడమ్మా ఈ సాగంతా" అని. ఆయన పొలం నుంచి రాగానే వేణ్ణీళ్ళు తోడి పెట్టాలి, పాపం కష్టపడి వచ్చాడు కదా. విప్పి పడేసిన బట్టలు నేను ఉతకాలి. ఉతికి, మందు కొట్టే ట్యాంకు కడిగి, వంట ముగించి నేను పక్క మీదికి చేరేసరికి ఆయన గోడవైపు తిరిగి ముక్కు మూసుకుంటాడు. పిల్లలు ఎందుకు లేరని పొద్దున్నే అత్తయ్య నన్నే అడుగుతుంది.

పెళ్ళై వచ్చిన కొత్తలో వాగు ఒడ్డునే కలిపేవాళ్ళం. నీళ్ళు పక్కనే, గాలి ఆడేది, కంపు ఎటో కొట్టుకుపోయేది. ఒకరోజు తెల్లారి చూస్తే వాగునిండా మీసాల చేపలు పొట్టలు పైకి పెట్టి తేలుతున్నాయి. అరచేతిలో పట్టేంత చేప, మూతికి రెండు మీసాలు. ముళ్ళే తప్ప కండ ఉండదని పిల్లి కూడా వదిలేసే చేప. అదేమో ఇంకెక్కడా బతకని జాతట, అంతరించిపోతోందట. నగరం నుంచి జీపు వచ్చింది. అందులోంచి దిగిన ఆవిణ్ణి ఆ తర్వాత అందరం చేపల మేడం అనే పిలిచాం. ఎందుకు చచ్చాయో తేల్చడానికి ఆ చేపల్ని ఒక్కొక్కటీ ఏరి ఐసు పెట్టెలో సర్దుకుంది. మోకాళ్ళ లోతు నీళ్ళలో నిలబడి కళ్ళు తుడుచుకుంది కూడా.

సరిగ్గా ఆ రోజుల్లోనే నాకు రెండోసారి కడుపు పోయింది. అత్తయ్య పాతగుడ్డలో చుట్టి తీసుకెళ్ళి ఎక్కడ పూడ్చిందో కూడా నాకు చెప్పలేదు. ఎందుకు పోయిందో తేల్చడానికి ఎవరూ ఏ పెట్టే తేలేదు. తేల్చాల్సిందేముంది, అత్తయ్య అప్పటికే తేల్చేసింది. "నీది ఓటికుండ. అందులో ఏం పోసినా నిలవదు" అంది. మా ఆయన ఆ మాట విని కూడా చెప్పులు వేసుకుని పొలానికి వెళ్ళిపోయాడు. నేను కిటికీలోంచి ఆ మేడం ఏడుపు చూస్తూ, ఒళ్ళు మండిపోయి, చేపల్ని తిట్టాను. చచ్చిన చేప మీద అసూయేమిటే దిక్కుమాలినదానా అని తర్వాత నన్నే తిట్టుకున్నాను.

మేడం ఊరందరినీ కూర్చోబెట్టి రూలు చెప్పింది. వాగు పొడుగునా పచ్చరంగు గుంజలు పాతించింది. గుంజలకీ నీళ్ళకీ మధ్య మందు కొట్టకూడదు, కలపకూడదు, ట్యాంకులు కడగకూడదు. తప్పితే జరిమానా, మళ్ళీ తప్పితే కేసు. మంచి రూలే, నేను కాదనను. చేపేం పాపం చేసింది? మర్నాడే మా ఆయన డ్రమ్ము దొర్లించుకుంటూ ఇంటికి తెచ్చాడు. తెచ్చి ఎక్కడ పెట్టాడనుకున్నారు? వంటింటి వెనక గుమ్మం పక్కన, కిటికీ కింద.

"ఇక్కడేంటండీ?" అన్నాను.

"నీకే సుఖం కదే. పొయ్యి మీద ఓ కన్నేసి ఇటు కలుపుకోవచ్చు. నీళ్ళ కుళాయి పక్కనే."

"గాలంతా వంటింట్లోకే వస్తుంది."

"కిటికీ మూసుకో."

కిటికీ మూస్తే పొయ్యి పొగ, తీస్తే మందు పొగ. మూతలన్నీ బోర్లించినా గిన్నెల మీద తెల్లటి పొడి పేరుకునేది. పెరట్లో తిరిగే పిల్లి వారం తిరక్కుండా ఇల్లు మారిపోయింది. దాని అదృష్టం, వెళ్ళడానికి దానికి ఇంకో ఇల్లుంది.

మేడం తర్వాత మా ఇంటికి కూడా వచ్చింది, రూలు పాటిస్తున్నామో లేదో చూడ్డానికి. డ్రమ్ము చూసి మా ఆయన్ని మెచ్చుకుంది. నాకు అప్పుడు చెప్పాలనిపించింది. ఆడమనిషి కదా, పైగా నీళ్ళలో నిలబడి ఏడ్చిన మనిషి, ఈవిడకి చెప్తే అర్థమవుతుందని ఎంత ఆశపడ్డానో. టీ గ్లాసు అందిస్తూ, "మేడం, దీని కంపుకి నాకు తల తిరుగుతోంది. రెండుసార్లు..." అన్నాను. ఆవిడ డ్రమ్ము చుట్టూ తిరిగి నేలంతా పరికించి, "ఈ నీళ్ళు కాలవలోకి గానీ, వాగులోకి గానీ పోవుగా?" అంది.

"పోవు మేడం. ఇక్కడే ఇంకిపోతాయి."

"అయితే ఫరవాలేదు" అని టీ తాగి, బాగుందని చెప్పి వెళ్ళిపోయింది. ఆ రోజు అత్తయ్య కన్నా, మా ఆయన కన్నా ఆవిడ మీదే నాకు ఎక్కువ కోపం వచ్చింది.

ఈసారి నెల తప్పిన సంగతి నేను ఎవరికీ చెప్పలేదు. చెప్తే లెక్కపెడతారు, పోతే తిడతారు. ఈ ఒక్కటీ నిలవాలి, అంతే, ఇంకేం వద్దు నాకు. మెల్లగా మా ఆయన దగ్గర కదిపాను, డ్రమ్ము పొలం అవతలి గట్టుకి మారుద్దామని. "అంత దూరం నీళ్ళు ఎవడు మోస్తాడు? నువ్వు మోస్తావా?" అన్నాడు. మోస్తానన్నాను. "మరి వంటెవరు చేస్తారు?" అన్నాడు. పోనీ ఆయన్నే కలుపుకోమన్నాను. అంతే, అత్తయ్య లోపల్నుంచి అందుకుంది. "ఇక చీర కూడా కట్టించు వాడికి. మా రోజుల్లో మేం కలపలేదా? కన్లేదా? ఒళ్ళొంగనివాళ్ళకే ఈ వంకలన్నీ" అంది. మా ఆయన నవ్వాడు. ఆ నవ్వు చూశాక ఇక అడగడం దండగ అని తెలిసిపోయింది.

నిన్న మేడం పెద్ద ఆఫీసర్లని వెంటబెట్టుకుని వచ్చింది. తొట్టెల్లో పెంచిన మీసాల చేపపిల్లల్ని వాగులో వదిలే కార్యక్రమం. మా ఆయనకి 'వాగు కాపరి' అని చెక్కిన పలక ఇస్తారట. మేడం ఎప్పుడో ఇచ్చిన చేతితొడుగులు ఆయన అల్మారాలోంచి తీసి, ఫోటో కోసం మొదటిసారి తొడుక్కున్నాడు. మంచం దిగాలంటే మోకాళ్ళ నొప్పులని మూలిగే అత్తయ్య మంచి చీర కట్టుకుని ముందే వెళ్ళి కూర్చుంది. ఆయన గుమ్మం దాటుతూ, "వాళ్ళు వెళ్ళగానే కొట్టాలి, ఈలోపు మందు కలిపి ఉంచు" అన్నాడు.

డబ్బా తీసుకుని డ్రమ్ము దగ్గరికి వెళ్ళాను. మూత తిప్పాను. కంపు గుప్పుమంది, గోడ పట్టుకున్నాను. ఎవరినైనా పిలవాలనిపించింది, ఎవరున్నారు గనక? ఉన్నవాళ్ళంతా వాగు దగ్గరే ఉన్నారు. డబ్బా పట్టుకుని నేనూ అటే నడిచాను.

పచ్చ గుంజలు దాటాను. వాళ్ళు చప్పట్లు కొడుతున్నారు, నన్నెవరూ చూడలేదు. ఒడ్డు చివర రాయి మీద నిలబడి డబ్బా నీళ్ళ మీదికి చాపాను. అప్పుడు చూశారు.

"ఆగమ్మా! ఆగాగు!" అని మేడం చెప్పులు వదిలేసి పరిగెత్తింది. మా ఆయన పలక పడేసి పరిగెత్తాడు. కోటు వేసుకున్న పెద్దమనుషులు పరిగెత్తారు. అత్తయ్య కూడా పరిగెత్తింది, ఆ మోకాళ్ళతోనే. నా చేతిలో ఉన్న మందు కోసం ఇంతమంది ఉరికి రావడం నేను ఎన్నడూ చూడలేదు.

"పిచ్చెక్కిందా నీకు?" అని అరిచాడు మా ఆయన. ఇంకో అడుగు వెయ్యబోయి నా చెయ్యి చూసి ఆగిపోయాడు. పోస్తానో పొయ్యనో అప్పటికి నాకే తెలీదు.

మేడం రెండు చేతులూ ముందుకు చాపి, పసిపిల్లని బుజ్జగించినట్టు, "మెల్లగా కింద పెట్టమ్మా. అదెంత విషమో నీకు తెలీదు. పిల్లలు, ఇప్పుడే వదిలాం, కాస్త పడినా బతకవు" అంది.

"మరి ఎక్కడ కలపను మేడం?"

"అదేంటమ్మా, ఇంటి దగ్గరే కలుపుతున్నారుగా?"

"ఇంటి దగ్గర నేనున్నాను. నాకిప్పుడు మూడో నెల."

మా ఆయన నోరు తెరిచి నా కడుపు వైపు చూశాడు. అత్తయ్య ఏదో గొణిగింది. మేడం చూపు మాత్రం డబ్బా మూతి మీంచి కదల్లేదు.

"ముందు అది దించు. తర్వాత కూర్చుని అన్నీ మాట్లాడుకుందాం" అంది.

"మాట్లాడండి, వింటున్నాను" అన్నాను. డబ్బా దించలేదు.