దాసుడను మాట

నిదాఘాంతమున ధూళిధూసరితములైన మోదుగు పొదలపై మేఘచ్ఛాయ యొక్కింత వ్రాలి వాన కురియకయే తొలగిపోవుచున్న యొకనాటి యపరాహ్ణమున, ఒకప్పుడు వెట్టిచాకిరి నిర్మూలనమునకై యూరూరు దిరిగి నేడు జరాజర్జరితదేహుడై హనుమకొండలో కాలము గడపుచున్న కందాళ సింగరాచార్యులకు నాటి సహచరుడు రాజలింగము నల్లగొండనుండి వ్రాసిన యుత్తరము చేరెను.

"ఆచారీ, వెట్టి పోయినదని సభలు చేసితిమి. శాసనమును వచ్చినది. మనము విడిపించిన ఉప్పలయ్య కొడుకు మల్సూరు మరల ఆ దొర యింటనే కూలి లేని చాకిరి చేయుచున్నాడు. వచ్చు సోమవారము వాని యూరి చావడిలో విచారణ. నేను మంచము దిగలేను. నీవైన పోయి నిలువకున్న వాని బ్రతుకింతే."

ఆచార్యులు పోయెను. చావడిలో దొర ద్వారబంధమున కానుకొని నిలిచియుండ అధికారి మల్సూరు నడిగెను.

"నీతోని ఎవరన్న బలవంతంగ పని చేయిస్తున్నరా?"

మల్సూరు తలగుడ్డ విప్పి చంకబెట్టుకొనెను. "లేదు సారూ. నా ఇష్టంతోనే జేస్తున్న, నీ బాంచెన్."

అధికారి స్వేచ్ఛాజీవి యని వ్రాసికొనెను.

"అయ్యా, వాని కడపటి మాటయు వ్రాయుడు. నీ బానిస ననియే గదా దాని యర్థము" అని ఆచార్యులు పలికెను.

"అది మర్యాద మాట పంతులూ. మర్యాద మీద గుడ కేసు పెడ్తరా?" అని అధికారి కాగితములు మడచెను.

చావడి యెల్ల నవ్వెను. మల్సూరొక్కడే నవ్వక ముసలివానిని చేయిపట్టి మెట్లు దింపెను.

"ఫికరు జేయకుండ్రి అయ్యగారూ. మిమ్ములను మా నాయిన సచ్చెదాంక యాది జేసిండు. ఇడిపిచ్చిన నాడు మీకు గుడ గిదే మాటన్నడట. మీరు శాన సంబురపడ్డరట."

అనుచు వాడు దొర వెంట నడచిపోయెను.

తపాలా కచేరి యరుగుపై గూర్చుండి ఆచార్యులు మిత్రునకు కార్డు వ్రాసెను. "ఓడితిమి. శాసనము కాగితము కెక్కినదిగాని ఆ మాట నాలుకనుండి దిగలేదు. దించవలసిన నాడు అది మన చెవులకు తియ్యగా నుండెను." పిమ్మట వైష్ణవాచారము ననుసరించి జన్మమంతయు ప్రతిలేఖ తుదను వ్రాసినయట్లే దాసుడని వ్రాయబోయి మొదటి యక్షరముకడనే కలమాపెను. భగవంతునియెదుట వినయమై తన కింపుగొల్పిన యా పదము తలగుడ్డ విప్పి చంకబెట్టుకొని తనయెదుట నిలిచినట్లు తోచెను.

కార్డు సంతకము లేకయే డబ్బాలో పడెను.