వస్తాద్ చెప్పిన వైద్యం

మా ఆయనకు కుస్తీ నేర్పిన కేరబా వస్తాద్ మా వసారాలో కూర్చుని, తెచ్చిన మటన్ రస్సా పులుసు క్యాను మూతైనా తీయకుండా వైద్యం మొదలుపెట్టారు.

"హెర్నియాకి లంగోటాను మించిన మందు లేదురా హిందూరావ్. బిగించి కట్టు. మా తమ్ముడికి అలాగే తగ్గింది."

"మీ తమ్ముడికి ఆపరేషన్ అయింది కదా వస్తాద్," అన్నాను గిన్నెలు పెడుతూ.

"సరిగ్గా కట్టుకోక అయింది కోడలా."

మా ఆయన గంభీరంగా తల ఊపారు. అందరికీ చెప్పినట్టు ఈయనకు జరిగింది హెర్నియా ఆపరేషన్ కాదని ఆ వసారాలో మా ఇద్దరికే తెలుసు.

చక్కెర జబ్బు మొదట ఆయన వేళ్ళలో స్పర్శ తీసేసింది. తర్వాత మగతనాన్ని. మాత్రలు పనిచేయలేదు. పుణె వెళ్ళి అంగంలో సాధనం పెట్టించుకున్నారు. లోపల రెండు గొట్టాలు, పొత్తికడుపులో నీటి తిత్తి, వృషణాల సంచిలో చిన్న పంపు. పంపు నొక్కితే నీరు గొట్టాల్లోకి వెళ్ళి అంగం నిలబడుతుంది, పంపు మీది బటన్ నొక్కితే నీరు వెనక్కి పోతుంది. "పెట్టించుకుందామనుకుంటున్నా," అని ఆయన చెప్పినప్పుడు నేను కందిపప్పు ఏరుతున్నాను. సరే అన్నాను. ఆ సరేకి అర్థమేమిటో తర్వాత ఎంత ఆలోచించినా నాకే తేలలేదు. వద్దనడానికి కారణం లేదు, కావాలనడానికీ లేదు. ఇది ఆయన కోసమా, నా కోసమా, ఒకప్పుడు గోదాలో తొడగొట్టిన హిందూరావ్ పహిల్వాన్ కోసమా అని అడగాలనిపించింది. ఇంతలో పప్పులో రాయి దొరికింది. అడగలేదు.

వస్తాద్ వెళ్ళగానే ఆయన పెట్టె అడుగునుంచి పాత ఎర్ర లంగోటా తీశారు.

"డాక్టరు వదులు బట్టలు వేసుకోమన్నాడు కదండీ."

"ఇది పూర్తిగా ఒదిగి పడుకోదే. వచ్చేవాళ్ళందరి కళ్ళూ అక్కడే. తాలీంలో కుస్తీ పట్టేవాళ్ళంతా నవ్వుకోవాలా?"

ఎవరూ అటు చూడటం నేను చూడలేదు. కానీ మగవాళ్ళు ఏం చూస్తారో నాకేం తెలుసు? రోజూ వేడినీళ్ళలో కూర్చుని పంపును మెల్లగా కిందికి లాగుతుండాలని కూడా డాక్టరు చెప్పాడు. "లాగుతున్నారా?" అంటే "ఆ, ఆ," అనేవారు.

ఒకరోజు స్నానాల గదిలోంచి పిలిచారు.

"ఏమే నలినీ, లేదు."

"సబ్బా?"

"సబ్బు కాదు. అది. పంపు."

"లేకపోవడమేమిటండీ? ఒంట్లో పెట్టింది ఎక్కడికి పోతుంది?"

"నాకేం తెలుసు? నిన్నటిదాకా ఉందనుకున్నా. అసలు నిన్న ఉందో లేదో కూడా తెలియదు."

తలుపు తీయమంటే తీయరు, వదిలేసి వెళ్దామంటే మళ్ళీ మళ్ళీ పిలుస్తున్నారు. తాళంచెవి పోతే ఇల్లంతా వెతుకుతాం. దీన్ని ఎక్కడ వెతకాలి?

డాక్టరుకు ఫోన్ చేశాము. జ్వరం ఉందా, చీము ఉందా అని అడిగి, ఎలాంటి బట్టలు వేసుకుంటున్నారన్నాడు.

"వదులు పైజామాలే," అన్నారు ఈయన.

నేను ఫోన్ లాక్కున్నాను. "లంగోటా డాక్టర్. పొద్దున లేచింది మొదలు పడుకునేదాకా. బిగించి."

"రేపే రండి," అన్నాడు.

పుణెలో, ఆపరేషన్ చేసిన డాక్టర్ పటవర్ధన్ చూసి చెప్పాడు. "లంగోటా బిగింపుకి పంపు పైకెక్కి గజ్జ దగ్గర ఇరుక్కుంది. చర్మం ఒరిసి ఎర్రబడింది. అది పుండయి చీము పడితే మొత్తం తీసేయాలి. మళ్ళీ పెట్టడం అంత తేలిక కాదు."

"ఇప్పుడేం చేయాలి?" అన్నాను. ఈయన గోడమీది క్యాలెండరు చూస్తున్నారు.

"లంగోటా మానెయ్యాలి. రోజూ కిందికి లాగాలి. దిగితే సరే, దిగకపోతే మళ్ళీ కోయాలి." నమూనా పంపొకటి తీసి ఈయన చేతిలో పెట్టాడు. "బటన్ ఎక్కడుందో చూడకుండా చెప్పండి."

ఈయన తడిమారు. ఎప్పుడో విరిగి వంకరగా అతుక్కున్న లావాటి వేళ్ళు. "ఇదిగో," అన్నారు. అక్కడ ఏమీ లేదు.

డాక్టరు దాన్ని నాకిచ్చాడు. చింతకాయలో గింజ తగిలినట్టు వెంటనే తగిలింది.

"ఆవిడెందుకు డాక్టర్?" అన్నారు ఈయన.

"ఆవిడ వేళ్ళకు తెలుస్తోంది కాబట్టి."

తిరుగు ప్రయాణంలో బస్సు కరాడ్ దాటింది. అప్పుడన్నారు. "నా ఒంట్లోది నాకే తెలియట్లేదు. నీకు తెలుస్తుందా?"

"తెలియకపోతే మళ్ళీ కోస్తారుగా."

"వస్తాద్‌కి ఏం చెప్దాం?"

"మీరు చెప్పండి. మీ వస్తాద్."

మర్నాటి నుంచి ఆయన వేడినీళ్ళ తొట్టిలో, నేను పక్కన పీట మీద. పెళ్ళయి ఇన్నేళ్ళయినా ఇంత వెలుతురులో ఆయన్ని చూడలేదు. ఆయన పైకప్పు చూసేవారు. నేను వంటలో ఉప్పు చూసినంత శ్రద్ధగా వెతికేదాన్ని.

"ఇదేనా?"

"అబ్బా! అది దేవుడిచ్చింది. డాక్టరిచ్చింది కాదు."

నాకు నవ్వొచ్చింది. ఆయనకు రాలేదు. కాసేపాగి ఆయనకూ వచ్చింది.

మొదట అసలు దొరకలేదు. తర్వాత గజ్జ దగ్గర గోలీకాయలా తగిలింది, లాగితే దిగి, వదిలితే మళ్ళీ ఎక్కేది. లంగోటా ఉతికి మడిచి పెట్టెలో పెట్టేశాను. ఆయన వెతకలేదు. ఎరుపు తగ్గింది. మెల్లగా పంపు కింద నిలవడం మొదలెట్టింది.

ఆ ఆదివారం అది నా వేళ్ళకు నిండుగా దొరికింది. పైన బటన్‌తో సహా.

"దొరికిందా?"

"దొరికింది. వదిలినా కిందే ఉంది."

ఆయన గట్టిగా ఊపిరి వదిలారు. "అయితే కోయక్కర్లేదన్నమాట."

"అక్కర్లేదు."

నేను చేయి తీయలేదు. ఆయన తీయమనలేదు. వారం తర్వాత వెళ్తే దీన్ని వాడటం నేర్పుతానన్నాడు డాక్టరు.

"నీకు కావాలా ఇది?" అన్నారు ఆయన పైకప్పుతో.

పప్పు ఏరిన రోజు అడగాల్సిన మాట. ఇప్పుడు ఆయనే అడుగుతుంటే జవాబు కోసం లోపలంతా వెతికాను. దొరకలేదు.

"నాకు తెలియదండీ."

"నాకూ తెలియడంలేదే. చేయించుకున్నప్పుడు తెలుసనుకున్నా."

ఇంతలో వీధిలోంచి కేక. "హిందూరావ్! రస్సా తెచ్చా, రా!"

ఆయన లేచి తుడుచుకున్నారు. పెట్టె వైపు ఒకసారి చూసి, వదులు పైజామా తొడుక్కుని వసారాలోకి నడిచారు. నేను గిన్నెలతో వెనకాల వెళ్ళాను.

"లంగోటా ఏదిరా?" అన్నారు వస్తాద్.

"మానేశా వస్తాద్."

"నేనింత చెప్తే!"

"నాది హెర్నియా కాదు. వేరే ఆపరేషను. లంగోటా కడితే పాడవుతుంది. నలిని రోజూ సరిచేస్తోంది."

వస్తాద్ ఆయన ముఖం చూశారు. పైజామా చూశారు. నన్ను చూశారు. ఆయనకు ఏమర్థమైందో, ఎంతర్థమైందో నాకు తెలియదు. చాలాసేపు తలపాగా సర్దుకున్నారు.

"అయితే కట్టకు," అన్నారు చివరికి. క్యాను మూత తీసి నావైపు జరిపారు. "చల్లారిపోతోంది కోడలా. నిమ్మకాయుంటే కొయ్యి."