నమ్మి దిగినవాడు

నేను ఒక ఇత్తడి ఈలను. సొంత ఊపిరి లేకుండానే జీవితమంతా వ్యాపారం చేసినదాన్ని. పెట్టుబడి ఊదేవాడిది, సరుకు నాది. నా కొట్లో దొరికే సరుకు నమ్మకం ఒక్కటే. నేను మోగితే ఎక్కడో కంటికి కనబడని మనిషి ఆ కూత నిజమనుకుని అడుగు వేయాలి. వేయకపోతే నాకూ తిరునాళ్లలో అమ్మే పీకకూ తేడా లేదు.

దొరల సీమలో ఒక పొగ ఊళ్లో నన్ను రేకు వంచి అతికి, పొట్టలో బెండు గుండు వేసి మూశారు. ఓడ దిగి రాజమండ్రిలో ఒక రైల్వే గార్డు మెడకెక్కాను. అది మంచి బేరం. నేను కూస్తే రైలు కదిలేది. గార్డు కాలం చేశాక అతని అల్లుడు నన్నూ ఒక చిరుగుల కోటునూ కలిపి పాత సామాన్ల అంగట్లో పడేశాడు. కోటు జేబులు తడిమి నన్ను బయటికి తీసినవాడు పేరిరాజు.

పేరిరాజు వేట కట్టేవాడు. ఆయన పులిని అమ్మేవాడు కాదు, పులిని చంపానన్న పేరును అమ్మేవాడు. మద్రాసు నుంచో, నేరుగా సీమ నుంచో వచ్చిన దొరలకు గోదావరి ఏజెన్సీ అడవిలో గుడారం వేయించడం, మంచె కట్టించడం, ఎరకు దున్నపోతును వెతకడం, చచ్చిన పులి మీసాలు ఎవరూ పీక్కుపోకుండా కాపలా కాయడం అన్నీ ఆయన పనే. మూడు వైపులా కోయవాళ్లు డప్పులు కొడుతూ అడవిని తోలేవారు. పులి వాగు దారి పట్టి మంచె ముందుకు వచ్చేది. తుపాకీ పేలగానే తోలేవాళ్లంతా చెట్లెక్కేవారు. ఆ తర్వాతిది నా పని. పొట్టి పొట్టి కూతలు కూస్తే పులి గాయపడింది, దిగకండి అని. ఒక్క పొడుగు కూత కూస్తే చచ్చింది, రండి అని.

ఈ వ్యాపారంలో ఒక గుట్టు ఉంది. దొర వేలు బిగుసుకోవడం చూసి, కంటిరెప్పపాటు వెనకగా పేరిరాజు తన తుపాకీ పేల్చేవాడు. పులి పడేది. రెండో మోత కొండ మీంచి తిరిగొచ్చిన ప్రతిధ్వని అని దొర అనుకునేవాడు. పైగా పేరిరాజు ఒక మర్యాద కూడా పెట్టాడు. పులి చచ్చిందని దొరే నోటితో చెప్పాలి, ఆ తర్వాతే నేను మోగాలి. తన గుండు ఎక్కడ దిగిందో తనకు తెలుసు కనుక ఆ మర్యాదకు ఆయనకు ఖర్చేమీ లేదు. దొరకు మాత్రం అది కిరీటం పెట్టినట్టుండేది.

ఆ ఎండాకాలం శబరి ఏటికి ఇవతలి అడవికి విల్టన్ అనే దొర రెండోసారి వచ్చాడు. గుడారాల పర్మిట్ మీద సంతకం పెట్టవలసినవాడు అతని బావమరిది. మంచె ఎక్కాక దొర ఏదో గొణిగాడు. దుబాసీ శేషాచలం గొంతు సవరించుకున్నాడు.

"రాజుగారూ, తప్పుగా అనుకోకండి. మీ తుపాకీలో తూటాలు తీసి ఆయన చేతిలో పెట్టమంటున్నారు."

పేరిరాజు నవ్వబోయాడు. "ఆ సంగతి పులికి కూడా చెప్పారా, పంతులుగారూ?"

"మద్రాసు క్లబ్బులో ఎవరో వేళాకోళం చేశారట. నిరుటి నీ పులికి రెండు చిల్లులున్నాయి, రెండోది ఎవరిదోయ్ అని. ఈసారి ఒక్క చిల్లే ఉండాలట."

ఆ బావమరిది సంతకం గుర్తొచ్చి కాబోలు, పేరిరాజు తూటాలు తీసి ఇచ్చాడు. దొర వాటిని జేబులో వేసుకుని గుండీ పెట్టుకున్నాడు. నేను పేరిరాజు రొమ్ము మీద వేలాడుతున్నాను. ఆయన గుండె నాకు అతి దగ్గరి పొరుగు. ఆ సాయంత్రం ఆ పొరుగింట్లో ఎవరో తలుపు బాదుతున్నట్టుంది.

కొండ వైపు డప్పులు లేచాయి. నెమళ్లు ఎగిరిపోయాయి, తర్వాత ఒక కణుజు దుప్పి పరుగెత్తింది. ఆ తర్వాత ఏ చప్పుడూ లేకుండా పులి వచ్చి వాగు ఇసుకలో నిలబడింది. దొర కాల్చాడు. ఒక్కటే మోత. పులి గాల్లోకి లేచి, పల్టీ కొట్టి, ఒడ్డునున్న రెల్లు దుబ్బులో పడింది. వెనక కాలొకటి మాత్రం బయటికి కనిపిస్తోంది. డప్పులు ఆగిపోయాయి.

దొర టోపీ తీసి ఊపాడు.

"చచ్చింది, ఊదమంటున్నారు," అన్నాడు శేషాచలం.

"ముందు రాళ్లు వేయనివ్వండి. అప్పటికీ కదలకపోతే ఊదుతాను."

శేషాచలం ఆ మాట చేరవేశాడు. దొర ముఖం కందిపోయింది.

"రాళ్లు తగిలితే చర్మం పాడవుతుందట. వెలుతురు పోకముందే ఫొటో తీసుకోవాలట. అయినా చచ్చిందని చెప్పే హక్కు కొట్టినవాడిదే కదా, అది మీరు పెట్టిన మర్యాదే కదా అంటున్నారు."

అవును, ఆయన పెట్టిందే. పేరిరాజు నన్ను పెదవుల మధ్య పెట్టుకున్నాడు. పెదవులు ఎండిపోయి ఉన్నాయి. ఊపిరి పీల్చి, ఆపాడు. ఒక పళ్లెంలో సంతకం, ఒక పళ్లెంలో ఇంకా నమ్మలేని ఆ వెనక కాలు. త్రాసు ఊగడం నాకు తెలుస్తూనే ఉంది. చివరికి ఆయన ఊదాడు. పొడుగు కూత.

ఎవరూ దిగలేదు.

ఎప్పుడూ ఆ కూత వినగానే మనుషులు గాలివానకు రాలే మామిడికాయల్లా చెట్ల మీంచి జారేవారు. ఇప్పుడు ఆకు కదలలేదు. పేరిరాజు మళ్లీ ఊదాడు. "జోగయ్యా! వినబడలేదా?" అని అరిచాడు. జోగయ్య తోలేవాళ్ల పెద్ద. వాగు అవతలి మద్దిచెట్టు మీద అతని పంచె తెల్లగా కనిపిస్తోంది, కానీ కిందికి జారడం లేదు.

అప్పుడు ఆ పక్కనున్న ఏగిసచెట్టు మీంచి ఒక్క మనిషి దిగాడు. కర్ర భుజాన వేసుకుని, నవ్వు ముఖంతో, ఇసుకలోంచి తిన్నగా రెల్లు దుబ్బు వైపు నడిచాడు.

"ఓరి ఇరమయ్యా! ఎక్కరా! ఎక్కు!" మద్దిచెట్టు గావుకేక పెట్టింది.

ఇరమయ్య వెనక్కి తిరిగి చూశాడు. కనిపిస్తున్న ఆ కాలు లోపలికి పోయింది. మరుక్షణం రెల్లు చీలింది. పులి వచ్చి అతని భుజాన్ని కరిచి కిందికి లాగింది. దొర తన రెండు గొట్టాల తుపాకీని కొమ్మకు ఆనించి కెమెరా విప్పుకుంటున్నాడు. పేరిరాజు ఆ తుపాకీ లాక్కుని, మంచె మీంచి దూకి, పులి చెవికి ఆనించినంత దగ్గరగా వెళ్లి పేల్చాడు.

ఆ మోత ఇంకా కొండల్లో తిరుగుతుండగానే చెట్లన్నిటి మీంచి మనుషులు దిగారు. నన్నెవరూ ఊదలేదు.

ఇరమయ్య భుజానికి పసరు కట్టి మంచం మీద మోసుకెళ్తుంటే పేరిరాజు జోగయ్య చెయ్యి పట్టుకున్నాడు.

"ఇందాక ఎందుకు దిగలేదు?"

"రెండోది మోగలేదు గదా, రాజుగోరూ."

"ఈల ఊదాను గదయ్యా!"

"ఈల దొరల సరదా కోసం ఊదుతావనుకున్నాం. మాకు నీ తుపాకీయే ఈల. అది మోగితేనే మా కాలు కొమ్మ దిగుద్ది."

"మరి ఇరమయ్య?"

"ఆడు నిన్న ఏరు దాటొచ్చినోడు. మా ఊళ్లో అందరికీ తెలిసిందే గదా అని ఆడికి చెప్పటం మర్సిపోయాం." జోగయ్య తల దించుకున్నాడు. తర్వాత ఎత్తాడు. "నువ్వేం మర్సిపోయావు రాజుగోరూ?"

పేరిరాజు అతని చెయ్యి వదిలేశాడు. ఇన్నేళ్లూ అడవి మొత్తం నా ఖాతాదారులని మురిసిపోయాను. తీరా చూస్తే నా కొట్టుకు వచ్చిన అసలైన గిరాకీ ఆ ఒక్కడే. అతనికి నేను కుళ్లు సరుకు అంటగట్టాను.

దొర ఫొటో మాత్రం బాగా వచ్చింది. ఒక్క చిల్లే కనబడేలా పులిని తిప్పి పడుకోబెట్టారు.

మరుసటి ఏడు వేట కట్టడానికి పేరిరాజు జోగయ్య గుమ్మం తొక్కాడు. కూలి పెంచుతానన్నాడు. జోగయ్య కూలి మాటే ఎత్తలేదు.

"ఆ ఈల ఇరమయ్యకియ్యి. సచ్చిందో లేదో ఆడు సెప్తాడు. దొర సెప్పింది దొర ఇంట్లో సెప్పుకుంటాడు. ఒప్పుకుంటే వత్తాం. లేదంటే నీ పులిని నువ్వే తోలుకో."

అడవి తోలేవాళ్లు లేకపోతే వేట లేదు. వేట లేకపోతే పేరిరాజు లేడు. ఆయన మెడలోంచి తాడు తీసి ఇరమయ్యకు అందించాడు. ఇరమయ్య కుడిచేత్తో అందుకున్నాడు. ఎడమ చెయ్యి రొమ్ముకు అతుక్కుపోయి ఉంది.

ఈ కాలంలో వేటలు లేవు, చట్టం ఒప్పుకోదు. నేను ఒక అడవి బంగళాలో, అద్దాల పెట్టెలో ఉన్నాను. పక్కన 'దొరల కాలపు వేట ఈల' అని చీటీ. చూడవచ్చినవాళ్లు నన్ను దాటి పులి తల ముందు నిలబడతారు. నాకు కోపం లేదు, గిరాకీ చూపు ఎటు పోతుందో నాకు తెలియనిది కాదు. నేను నిఖార్సైన సరుకు అమ్మిన రోజు ఒకటుంది. అది ఆ మరుసటి ఏడు వేటలోనే.

దొర కొత్తవాడు, దుబాసీ పాతవాడే. పేరిరాజు తుపాకీలో తూటాలు ఉన్నాయి. దొర పేల్చాడు, వెంటనే పేరిరాజు పేల్చాడు. రెండూ మోగాయి. పులి ఇసుకలో వెల్లకిలా పడింది.

అయినా ఎవరూ దిగలేదు. ఒక్కొక్క కొమ్మ మీద ఒక్కొక్క ముఖం మద్దిచెట్టు వైపు తిరిగి ఉంది. జోగయ్య పట్టి ఎక్కించిన ఇరమయ్య అక్కడ ఉన్నాడు, అతని పెదవుల మధ్య నేనున్నాను.

ఇరమయ్య ఊదలేదు. నడుముకు కట్టిన గుడ్డలోంచి రాయి తీసి విసిరాడు. కాసేపు ఆగి మరొకటి విసిరాడు. దొర గడియారం చూసుకుని విసుక్కున్నాడు. శేషాచలం మంచె మీంచి అరిచాడు.

"ఏమయ్యా, పులికి ముహూర్తం చూస్తున్నావా?"

ఇరమయ్య నన్ను నోట్లోంచి తీశాడు. "తమకి తొందరైతే తమరే దిగండి పంతులుగోరూ. ఎవరొద్దన్నారు?"

చెట్ల మీద నవ్వులు దొర్లాయి. శేషాచలం మంచె కొమ్మను ఇంకాస్త గట్టిగా పట్టుకున్నాడు. పేరిరాజు తుపాకీ భుజానికి ఆనించే ఉంచి, ఇరమయ్య వైపే చూస్తున్నాడు. వాగు మీద ఎండ పచ్చబడి, ఎర్రబడి, ఒడ్డెక్కి పోయింది. దొర కెమెరా మూసేశాడు.

ఒక ఈగ వచ్చి పులి తెరిచిన కంటి మీద వాలింది. రెప్ప కదలలేదు.

అప్పుడు ఇరమయ్య నన్ను మళ్లీ పెదవుల మధ్య పెట్టుకుని, పొడుగు కూతకు సరిపడా ఊపిరి తీసుకున్నాడు.