దర్జీ అక్క కిడ్నీ

ఇది చిన్న కథ. టీ చల్లారేలోపు అయిపోతుంది. అయితే ముందు మా పోస్టుమాస్టరు గారి సంగతి చెప్పాలి. అవయవాలు అమ్ముకోవచ్చని చట్టం వచ్చిన రోజు, అది ఘోరమని ఆయన ఆఫీసు మెట్ల మీద గంటసేపు ఉపన్యసించి, ఇంటికెళ్ళి తన లివరుకి ఎంతొస్తుందో ఫోనులో కనుక్కున్నాడు. తాగుడు మానేశాక రమ్మన్నారట. సరే, ఆయన్ని వదిలేద్దాం.

ముప్పై ఏళ్ళు కాళ్ళతో మిషను తొక్కి తొక్కి దర్జీ అక్క మోకాళ్ళు అరిగిపోయాయి. కరెంటు మిషను కొనుక్కుందామని ఒక కిడ్నీ అమ్మేసింది. కొన్నది సిమెంటు షావుకారు. పాత బండి చేతులు మారినట్టు ఇద్దరూ సంతకాలు పెడితే, అమ్మకాల ఆఫీసు గుమాస్తా ముద్ర కొట్టి పంపాడు.

ఆపరేషను బాగానే జరిగింది. కిడ్నీయే పని మొదలెట్టలేదు. డాక్టర్లు తలలు పట్టుకున్నారు. మూడు వారాలు డయాలసిస్ మీద గడిపి, మొహం పొంగిపోయిన షావుకారు, నాసిరకం సరుకు అంటగట్టావంటూ అక్క కొట్టు మీదికి దెబ్బలాటకొచ్చాడు. కొత్త మిషను ఇంకా రాలేదు, అక్క పాతదే తొక్కుతోంది. దెబ్బలాట మధ్యలో షావుకారు బాత్రూం ఎక్కడని అడిగాడు.

సంగతి అందరికీ అర్థమైంది. ముప్పై ఏళ్ళు ఆ పాత మిషను చప్పుడుకి పనిచేసిన కిడ్నీ, అది వినబడకపోతే సెలవనుకుంటోంది. అమ్మిన గేదె పాత కొట్టానికి రాదా, అన్నారు. షావుకారు రోజూ వచ్చి స్టూలు మీద కూర్చునేవాడు. తర్వాత కరెంటు మిషను వచ్చింది. దాని చప్పుడు వేరు. మర్నాటికి ఆయన కాళ్ళు వాచాయి.

పాతదే తొక్కమని బతిమాలాడు. ఎంతైనా ఇస్తానన్నాడు. అక్క సూదిలో దారం ఎక్కిస్తూ తలెత్తలేదు.

"ఈ కాళ్ళ కోసమే కదన్నా కిడ్నీ అమ్మింది. ఇప్పుడు కిడ్నీ కోసం కాళ్ళు ఇమ్మంటావేం?"

"నేను చచ్చిపోతానమ్మా."

"నువ్వు కొన్నది కిడ్నీని. నన్ను కాదు."

గుమాస్తా చట్టమంతా తిరగేసి, ఇందులో కాళ్ళ ఊసు లేదు, సవరణ వచ్చేదాకా ఆగమన్నాడు. షావుకారు అంతవరకు ఆగేలా లేడు. పాత మిషను తన డ్రైవరు చేత తొక్కించాడు. కిడ్నీ పరాయి పాదాన్ని పసిగట్టి ఉలకలేదు, పలకలేదు.

ఆ రోజు అక్క భోజనం ముట్టలేదని పక్కింటావిడ చెప్పింది. ఎవరింట ఎన్ని మెతుకులు మిగిలాయో ఆవిడకి తెలుసు. పొద్దున్నే అక్క పాత మిషను ముందు కుర్చీ వేసింది.

"కూర్చో. ఆ కిడ్నీ ఇన్నాళ్ళూ తొక్కే మనిషి ఒంట్లోనే ఉంది."

షావుకారు తొక్కాడు. కిడ్నీ ఇంటికొచ్చేశాననుకుంది.

ఇప్పుడాయన రోజుకి ఆరుగంటలు తొక్కుతాడు. సిమెంటు వ్యాపారం తమ్ముడికి అప్పగించాడు. అక్క కత్తిరిస్తుంది, ఆయన కుడతాడు. జాకెట్టు చేతులు కాస్త బిగుతుగా వస్తాయి. చెబితే వినడు.